స్టీరింగ్ లూజుగా ఉందా? ర్యాక్ మార్చే ముందు మీరే ఇలా చూసుకోండి

"అన్నా, బండి స్టీరింగ్ లూజుగా ఉంది. షెడ్డులో చూపిస్తే ర్యాక్ పోయింది, మొత్తం మార్చాలంటున్నారు. మార్చమంటావా?"

అనంతపురంలో తెలిసినవాళ్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది. అడిగిన ప్రతివాళ్లకూ నాది ఒకటే జవాబు: ఏ కీలు ఆడుతోందో కంటితో చూసి, చేత్తో పట్టుకుని తెలుసుకోకుండా ర్యాక్ జోలికి పోవద్దు. ర్యాక్ అంటే స్టీరింగ్ తిప్పితే పక్కలకు జరిగి ముందు చక్రాలను తిప్పే భాగం. దాని ఖర్చు ఒక టై రాడ్ ఎండ్ (ర్యాక్ నుంచి వచ్చే రాడ్‌ను చక్రానికి కలిపే చివరి కీలు) ఖర్చుకు ఎన్నో రెట్లు. లూజు మాత్రం చాలాసార్లు ఆ చిన్న ఎండ్‌లోనే ఉంటుంది.

నాకు ఇది అనుభవం మీద తెలిసింది. మూడేళ్ల కిందట మా బావ బండిలో రాయచోటి నుంచి కడపకు వస్తున్నాం. పాత డీజిల్ ఎస్‌యూవీ. గువ్వలచెరువు ఘాట్ దిగుతుంటే స్టీరింగ్ తిప్పిన తర్వాత ఒక క్షణం ఆగి బండి తిరుగుతోంది. వెనక సీట్లో మా అక్క, ఇద్దరు పిల్లలు. ఘాట్ అయ్యేదాకా 20 స్పీడు దాటకుండా, చేతులు బిగబట్టుకుని దిగాను. మరుసటి రోజు షెడ్డులో చక్రం కూడా లేపకుండానే ర్యాక్ అన్నారు. ఇంటికి తెచ్చి జాకీ పెట్టి చూస్తే ఎడమ పక్క బయటి టై రాడ్ ఎండ్ ఒక్కటే అరిగిపోయింది. దాని మీది రబ్బరు బూటు (తొడుగు) చిరిగి లోపలంతా మట్టి. ఆ ఎండ్ మార్చి అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) చేయిస్తే సరిపోయింది. ఆ ర్యాక్ ఇప్పటికీ అదే.

మొదట ఇది లూజేనా?

స్టీరింగ్ బాగా లేదనిపించిన ప్రతిసారీ అది లూజు కాదు. 80 దాటాక స్టీరింగ్ వణికితే ముందు వీల్ బ్యాలెన్సింగ్ చూడాలి. చేయి వదిలితే బండి ఒకే పక్కకు లాగుతుంటే టైరు గాలి, అలైన్‌మెంట్, లేదా ఒక చక్రానికి పట్టేసిన బ్రేకు. తిప్పడానికి బరువుగా ఉంటే పవర్ స్టీరింగ్ సంగతి.

లూజు అంటే వేరు. స్టీరింగ్ కొంచెం తిప్పినా చక్రం కదలదు, ఇంకొంచెం తిప్పాక కదులుతుంది. 44వ నంబరు హైవే మీద గుత్తి వైపు తిన్నగా పోతున్నా కుడికీ ఎడమకూ దిద్దుకుంటూనే ఉండాల్సి వస్తుంది. గుంతలో పడినప్పుడు ముందు నుంచి టక్కుమని వినిపిస్తుంది.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. లూజు ఉన్నట్టుండి పెరిగినా, టక్ టక్ చప్పుడు రోజురోజుకూ ఎక్కువవుతున్నా, రెండు ముందు చక్రాలు వేర్వేరు వైపులకు చూస్తున్నట్టు కనిపించినా బండి నడపొద్దు. మెకానిక్‌ను ఇంటికి పిలిపించండి, లేదా బండిని లారీ మీద ఎక్కించి తీసుకెళ్లండి. అరిగిన ఎండ్ ఊడిపోతే స్టీరింగ్ చేతిలో ఉన్నా ఆ చక్రం మీ మాట వినదు.

కావలసినవి

చూసుకోవడానికి మాత్రమే అయితే: టైరు గాలి కొలిచే గేజ్, చిన్న స్కేలు, కొంచెం టేపు, టార్చి, చక్రాలకు అడ్డం పెట్టడానికి రెండు పెద్ద రాళ్లు లేదా చెక్క దిమ్మెలు, జాకీ, ఒక జాకీ స్టాండు, పక్కన ఒక మనిషి. ఆ మనిషి లేకుండా ఈ పని సరిగ్గా అవదు.

ఎండ్ కూడా మీరే మార్చుకోవాలనుకుంటే పానాల సెట్టు, కటింగ్ ప్లేయర్, సుత్తి, బాల్ జాయింట్ పుల్లర్ (బిగుసుకున్న కీలును ఊడదీసే పనిముట్టు), తుప్పు వదిలించే స్ప్రే, వైరు బ్రష్, మీ బండి మోడల్‌కూ సంవత్సరానికీ సరిపోయే కొత్త ఎండ్, కొత్త స్ప్లిట్ పిన్ (నట్ ఊడకుండా పట్టి ఉంచే పిన్ను), టార్క్ పానా (ఎంత బిగువో కొలిచి బిగించేది). పుల్లర్, టార్క్ పానా కొనక్కర్లేదు, తెలిసిన షెడ్డులో ఒక పూటకు అడిగి తెచ్చుకోవచ్చు.

జాకీ పెట్టే చోటు గట్టి నేల అయి ఉండాలి. మన ఎర్రమట్టి నేల పైకి గట్టిగా కనిపించినా బరువు పడితే దిగిపోతుంది. నంద్యాల వైపు నల్లరేగడి అయితే వాన పడ్డాక అసలు వద్దు. సిమెంటు నేల లేకపోతే జాకీ కింద, స్టాండు కింద మందపాటి చెక్క వేయండి. నాపరాయి బండ వేయకండి, అది పగులుతుంది.

1. గాలి సరిచూడండి

పొద్దున్నే, బండి కదలక ముందు కొలవండి. మన ఎండల్లో నాలుగు కిలోమీటర్లు తిరిగినా టైరు వేడెక్కి గేజ్ ఎక్కువ చూపిస్తుంది. ఎంత ఉండాలో డ్రైవర్ డోరు దగ్గర అంటించిన స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. టైరు పక్కన అచ్చు వేసిన అంకె ఆ టైరు తట్టుకోగల గరిష్ఠం, దాన్ని చూసి కొట్టించకండి. గాలి తక్కువైన ముందు టైర్లతో బండి అచ్చం లూజు స్టీరింగ్ లాగానే ఊగుతుంది. గాలితోనే సరిపోతే మిగతాది చదవక్కర్లేదు.

2. లూజును మిల్లీమీటర్లలో కొలవండి

చక్రాలు తిన్నగా ఉంచి, బండి నేల మీద నిలబెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, గేర్ న్యూట్రల్‌లో పెట్టి, పవర్ స్టీరింగ్ ఉంటే ఇంజిన్ ఆన్ చేయండి. స్టీరింగ్ అంచు మీద పైభాగంలో చిన్న టేపు ముక్క అంటించండి. పక్కన మనిషి బయట నిలబడి ముందు టైరును చూస్తూ ఉండాలి. మీరు రెండు వేళ్లతో మెల్లగా ఎడమకు తిప్పండి. టైరు కదలడం మొదలైన క్షణం ఆయన చెప్పాలి. ఆ చోటు గుర్తు పెట్టుకుని, అలాగే కుడికి తిప్పి, రెండు గుర్తుల మధ్య దూరం స్కేలుతో కొలవండి.

చాలా కార్ల మాన్యువల్స్‌లో హద్దు 30 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. మీ బండి మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే లెక్క. మా బావ బండి ఆ రోజు 45 చూపించింది.

ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు, గట్టిగా తిప్పడం. గట్టిగా తిప్పితే టైరు రబ్బరు మెలికపడి అంకె పెద్దగా వస్తుంది. తేలిగ్గా తిప్పుతూ మూడుసార్లు కొలవండి. ఈ అంకెను తారీకుతో సహా సర్వీస్ పుస్తకంలో రాసుకోండి, చివర్లో పనికొస్తుంది.

3. ఇంజిన్ ఆపి, స్టీరింగ్ ఆడిస్తూ చూడండి

ఏ జాకీ అక్కర్లేని ఈ పరీక్షే అన్నిటికన్నా ఎక్కువ చెబుతుంది. ఇంజిన్ ఆపేసి, తాళం చెవి ఆన్‌లో ఉంచి స్టీరింగ్ లాక్ పడకుండా చూడండి. గేర్‌లో వేసి, హ్యాండ్ బ్రేక్ లాగి, వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టండి. పక్కన మనిషి సీట్లో కూర్చుని స్టీరింగ్‌ను కొంచెం అటూ ఇటూ ఆడిస్తూ ఉండాలి. మొత్తం తిప్పనక్కర్లేదు, చక్రం కదలనంత చాలు.

స్టీరింగ్ నుంచి చక్రం దాకా ఒక్కొక్క కీలునూ వరసగా చూడండి. కీలుకు ఒక పక్క కదిలి రెండో పక్క ఆలస్యంగా కదిలితే లూజు అక్కడే.

ముందు పెడల్స్ పైన స్టీరింగ్ రాడ్ కింది జాయింట్. పై రాడ్ కదిలి కింది రాడ్ కదలకపోతే ఆ జాయింటు అరిగింది, లేదా దాని బోల్టు వదులైంది. ఈ చోటును చాలామంది చూడనే చూడరు. టక్ టక్ డ్యాష్‌బోర్డు కిందనుంచి, కాళ్ల దగ్గర వినిపిస్తే ముందు ఇదే.

తర్వాత ర్యాక్. దాని గొట్టాన్ని ఛాసిస్‌కు పట్టి ఉంచే క్లాంపులు, రబ్బరు బుష్‌లు ఉంటాయి. స్టీరింగ్ ఆడిస్తుంటే ర్యాక్ గొట్టం మొత్తం పక్కకు జరుగుతుంటే బుష్‌లు పోయాయి, లేదా బోల్టులు వదులయ్యాయి. బుష్ పోయినా ర్యాక్ పోయిందని చెప్పేవాళ్లున్నారు, జాగ్రత్త.

తర్వాత లోపలి ఎండ్. ఇది ర్యాక్ చివర ముడతల రబ్బరు బూటు లోపల ఉంటుంది. బూటును చేత్తో గట్టిగా నొక్కి పట్టుకుంటే లోపలి గుండు తగులుతుంది. అరిగితే వేళ్లకు చిన్న దెబ్బ తెలుస్తుంది.

చివరగా బయటి ఎండ్. అరచేయి సగం రాడ్ మీద, సగం చక్రం వైపు ఉన్న నకిల్ (చక్రాన్ని మోసే ఇనుప భాగం) మీద ఆనించండి. బాగుంటే రెండూ కలిసి కదులుతాయి. అరిగితే ఒకటి ముందు, ఒకటి వెనక. ఏ రెండు కదిలే భాగాల సందులోనూ వేలు పెట్టకండి.

ఎస్‌యూవీ ఎత్తుగా ఉంటుంది కాబట్టి చక్రం కొంచెం తిప్పి దాని వెనకనుంచే చాలావరకు చూడొచ్చు. వీలుకాకపోతే ఊళ్లోని వాటర్ సర్వీసింగ్ వాళ్లను అడిగి పది నిమిషాలు ర్యాంపు మీదకు ఎక్కించి చూడండి. అది జాకీ కన్నా ఎంతో క్షేమం.

పాత జీపు రకం బండ్లలో ర్యాక్ బదులు స్టీరింగ్ బాక్స్, దానికి పొడుగు రాడ్లు ఉంటాయి. పరీక్ష ఇదే, చూడాల్సిన ఎండ్లు ఎక్కువ.

4. ఒక్కో చక్రం లేపి చూడండి

చక్రం లేపాక జాకీ స్టాండు పెట్టకుండా చేయి పెట్టొద్దు. జాకీ జారితే తప్పించుకునే సమయం ఉండదు. ఒక్క నిమిషం పనే కదా అని జాకీ మీదే వదిలేసిన బండి కిందకు మీ పిల్లలను పంపిస్తారా? మీరూ దూరకండి.

ఒక పక్క మాత్రమే లేపండి. రెండూ లేపితే స్టీరింగ్ మొత్తం తిరిగిపోయి ఏదీ తెలియదు.

చక్రాన్ని గడియారంలో 9, 3 అంకెలు ఉండే చోట రెండు చేతులతో పట్టుకుని చిన్నగా తోసి లాగండి. టక్కుమంటే సాధారణంగా టై రాడ్ ఎండ్. తర్వాత 12, 6 దగ్గర పట్టుకుని ఆడించండి. ఇక్కడ ఆడితే వీల్ బేరింగ్, లేదా సస్పెన్షన్ బాల్ జాయింట్ (నకిల్‌ను ఆర్మ్‌కు, అంటే ఛాసిస్ నుంచి వచ్చే ఇనుప చేతికి, కలిపే కీలు). ఈ రెండింటినీ విడదీయడానికి పక్కన మనిషిని బ్రేక్ తొక్కి ఉంచమనండి. బ్రేక్ తొక్కగానే ఆట పోతే బేరింగ్. తొక్కినా అలాగే ఉంటే బాల్ జాయింట్ లేదా ఆర్మ్ బుష్‌లు. రెండు విధాలా పట్టుకున్నా ఆడితే ముందు బేరింగ్‌నే అనుమానించండి.

స్ప్రింగ్ బరువు కింది ఆర్మ్ మీద ఉండే బండ్లలో ఛాసిస్ కింద జాకీ పెడితే బాల్ జాయింట్ అరుగుదల దాగిపోతుంది. అలాంటివాటికి కింది ఆర్మ్ కిందే, బాల్ జాయింట్‌కు దగ్గరగా జాకీ పెట్టి చూడాలి. మీ బండి ఏ రకమో తెలియకపోతే ఈ ఒక్క పరీక్షా మెకానిక్ చేత చేయించండి.

5. ఏది మీ పని, ఏది షెడ్డు పని

బయటి టై రాడ్ ఎండ్ అయితే చేయి తిరిగినవాళ్లు ఇంట్లో మార్చుకోవచ్చు. బాల్ జాయింట్, వీల్ బేరింగ్, లోపలి ఎండ్, ర్యాక్ బుష్ షెడ్డుకే వదిలేయండి. కానీ వెళ్లినప్పుడు "స్టీరింగ్ లూజు" అనకుండా "ఎడమ పక్క లోపలి ఎండ్ ఆడుతోంది, చూడప్పా" అనండి. మాట అంత స్పష్టంగా ఉంటే పనీ స్పష్టంగా ఉంటుంది. పాత పార్టు తిరిగి ఇమ్మని ముందే చెప్పండి.

స్టీరింగ్ చక్రాన్ని మాత్రం మీరు విప్పొద్దు. చాలా బండ్లలో అందులో ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది.

క్లాంపులు బిగువుగా ఉండి, కీళ్లన్నీ బాగుండి, ర్యాక్‌లోకి వెళ్లే రాడ్ తిరుగుతున్నా పక్కలకు వచ్చే రాడ్ కదలకపోతే అప్పుడు ర్యాక్ అరిగినట్టే.

6. బయటి ఎండ్ మార్చడం

బండి స్టాండు మీద ఉంచి చక్రం విప్పండి. మరలు, నట్లు వైరు బ్రష్‌తో తోమి, స్ప్రే కొట్టి ఒక అరగంట వదిలేయండి. గుర్తు కోసం చెక్ నట్ (ఎండ్‌ను రాడ్ మీద కదలకుండా పట్టే నట్) దగ్గర రాడ్ మీద పెయింటు గీత పెట్టండి. ఫోన్‌తో రెండు ఫొటోలు కూడా తీసుకోండి.

ముందు చెక్ నట్‌ను అర చుట్టు మాత్రమే వదులు చేయండి. తర్వాత స్ప్లిట్ పిన్ తీసి, పై నట్ విప్పి, మళ్లీ రెండు మూడు మరలు పట్టేలా ఎక్కించండి. ఎండ్ ఒక్కసారిగా ఎగిరి తగలకుండా ఈ జాగ్రత్త. పుల్లర్ బిగిస్తే ఎండ్ టప్పుమని వదులుతుంది. పుల్లర్ లేకపోతే ఎండ్ దూరిన నకిల్ చెవి పక్కన సుత్తితో గట్టిగా రెండు మూడు దెబ్బలు వేయండి. మర మీద మాత్రం కొట్టకండి, నకిల్‌కు ఏబీఎస్ వైరు ఉంటే దానికి దూరంగా కొట్టండి.

ఇప్పుడు ఎండ్‌ను రాడ్ నుంచి విప్పుతూ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి గోడ మీదైనా రాయండి. ఫోన్ మోగితే లెక్క తప్పుతుంది. కొత్తదాన్ని పాతదాని పక్కన పెట్టి పొడవు, మర, కోను (నకిల్ రంధ్రంలో దూరే కొస) మందం ఒకటేనా చూడండి. తేడా ఉంటే ఎక్కించకుండా షాపుకు తిరిగి ఇచ్చేయండి. అన్నే చుట్లు ఎక్కించండి.

నకిల్ రంధ్రాన్ని పొడి గుడ్డతో తుడవండి. కోనుకు గ్రీజు, ఆయిల్ పూయొద్దు, అది పొడిగానే పట్టుకోవాలి. నట్ బిగిస్తుంటే దాంతోపాటు కోను కూడా తిరుగుతుంటే ఎండ్‌ను కింది నుంచి చెక్క పెట్టి జాకీతో కొంచెం ఒత్తి పట్టండి, కోను కరుచుకుని ఆగుతుంది. మీ బండికి చెప్పిన టార్క్‌కు బిగించండి. పిన్ రంధ్రం సరిగ్గా కలవకపోతే ఇంకొంచెం బిగించి కలపండి. వదులు చేసి కలపడం పెద్ద తప్పు, నేను చూసిన తప్పుల్లో ప్రమాదకరమైనది ఇదే. పిన్ ఎప్పుడూ కొత్తదే. లోపల నైలాన్ ఉన్న నట్ అయితే అదీ కొత్తదే వాడాలి.

గ్రీజు నిపిల్ ఉంటే బూటు కొంచెం ఉబ్బేదాకా గ్రీజు కొట్టండి, పగిలేదాకా కాదు. చివరగా చెక్ నట్ బిగించడం మరిచిపోవద్దు.

రెండు పక్కలా మార్చాలా అని కూడా అడుగుతారు. రెండోది బాగుంటే అక్కర్లేదు. రెండూ ఒకే కాలానివై, రెండో బూటు కూడా పగుళ్లు బారి ఉంటే ఇప్పుడే మార్చండి. అలైన్‌మెంట్ ఖర్చు ఒకసారితో పోతుంది.

7. అలైన్‌మెంట్

చుట్లు ఎంత బాగా లెక్కపెట్టినా అలైన్‌మెంట్ తప్పదు. అంతదాకా మెల్లగా నడుపుతూ తిన్నగా అలైన్‌మెంట్ షాపుకే వెళ్లండి. దీన్ని వదిలేస్తే కొత్త ముందు టైర్లు కూడా అంచు అరిగి కొన్ని వేల కిలోమీటర్లలోనే పాడవుతాయి. ముందు, తర్వాత అంకెలు ఉన్న కాగితం అడిగి తీసుకోండి. స్టీరింగ్ తిన్నగా నిలిపే క్లాంప్ పెట్టారా లేదా మీరే చూడండి. ఆడే కీళ్లు ఉంచుకుని ముందే అలైన్‌మెంట్ చేయించి డబ్బు పోగొట్టుకునేవాళ్లు చాలామంది. లూజు ఉన్న బండిలో ఆ అంకెలు బయటికి రాగానే మారిపోతాయి.

బిగించకూడని స్క్రూ

ర్యాక్‌కు, స్టీరింగ్ బాక్స్‌కు ఒక అడ్జస్టింగ్ నట్ లేదా స్క్రూ ఉంటుంది. "కొంచెం బిగిస్తే లూజు పోతుంది సార్" అని ఐదు నిమిషాల్లో బిగించేస్తారు. లూజు పోయినట్టే ఉంటుంది కూడా. కానీ అరిగిన ఎండ్ అలాగే ఉంటుంది, ర్యాక్ మాత్రం బిగిసిపోతుంది. మలుపు తిప్పాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు. ర్యాక్ మధ్యలో ఎక్కువగా అరుగుతుంది, చివర్లలో అరగదు. మధ్యకు సరిపోయేలా బిగిస్తే చివర్లలో పట్టేస్తుంది. శ్రీశైలం ఘాట్‌లో స్టీరింగ్ పట్టేస్తే ఏమవుతుందో ఒక్కసారి ఊహించుకోండి. కీళ్లన్నీ బాగున్నాయని తేలాక, మాన్యువల్ లెక్క తెలిసినవాళ్లు మాత్రమే దాన్ని ముట్టుకోవాలి.

పవర్ స్టీరింగ్ ఆయిల్ పోస్తే లూజు పోతుందనేది కూడా నిజం కాదు. ఆయిల్ తగ్గితే స్టీరింగ్ బరువెక్కుతుంది, మూలుగుతుంది. పోయాల్సి వస్తే మూత మీద రాసిన రకమే పోయండి. ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ అయితే ఆయిలే ఉండదు.

8. బాగైందో లేదో ఇలా చూడండి

రెండో మెట్టు మళ్లీ చేయండి. అంకె తగ్గాలి. మా బావ బండిది 45 నుంచి 15కు వచ్చింది. తగ్గకపోతే ఇంకో కీలు మిగిలిపోయింది, మూడో మెట్టుకు వెళ్లండి.

పొద్దున ఐదున్నర, ఆరు మధ్య ఖాళీగా ఉన్న సర్వీస్ రోడ్డు మీద 20లో, తర్వాత 40లో నడపండి. తిన్నగా పోతున్నప్పుడు స్టీరింగ్ తిన్నగా ఉందా? యూ టర్న్ తీసుకుని పట్టు సడలిస్తే స్టీరింగ్ తనంతట తాను మధ్యకు వస్తోందా? స్పీడ్ బ్రేకర్ మెల్లగా దాటితే టక్కుమంటోందా? ఇవి మూడూ బాగుంటేనే హైవే ఎక్కండి. అలైన్‌మెంట్ తర్వాత డ్యాష్‌బోర్డులో స్టీరింగ్ లేదా ఈఎస్‌పీ (బండి జారకుండా చూసే ఏర్పాటు) లైటు వెలిగితే, స్టీరింగ్ ఎంత తిరిగిందో చెప్పే యాంగిల్ సెన్సార్‌ను స్కానర్‌తో సరిచేయించాలి.

50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక వీల్ నట్లు మళ్లీ బిగించి చూడండి. ఎండ్ నట్‌కు స్ప్లిట్ పిన్ ఉందా, చెక్ నట్ కదిలిందా అని టార్చి వేసి చూడండి.

కొత్త బూట్లు ఆరు నెలలకోసారి కంటితో చూడండి, ముఖ్యంగా క్వారీ దారుల్లో, బురద పొలం దారుల్లో తిరిగే బండ్లకు. బూటు చిరిగిన రోజునుంచే ఎండ్ అరగడం మొదలవుతుంది. చిరుగు కనిపించిన వారంలోనే స్టీరింగ్ కొలిచి, ఆ అంకెను సర్వీస్ పుస్తకంలో పాత అంకె కిందే రాయండి.